సేవాభావం ఒక్కటే చాలదు
(సోషల్ వర్క్‌ను వృత్తిగా ఎంచుకొనే యువతకు, వారి తల్లిదండ్రులకు ఒక పాఠం)

ఇంటర్మీడియట్, డిగ్రీ ఫలితాలు వెలువడే రోజుల్లో మన కుటుంబాలలో ఒకటే చర్చ. ఇంజనీరింగా, నర్సింగా, ఉపాధ్యాయ శిక్షణా, బ్యాంకు పరీక్షలా? ఆ చర్చ మధ్యలో ఇంటి అమ్మాయో అబ్బాయో “నేను సోషల్ వర్క్ చదువుతాను” అంటే ఇల్లంతా ఒక్క నిమిషం మౌనంగా ఉండిపోతుంది. తరువాత పెద్దల నోట రెండు ప్రశ్నలు వస్తాయి. “సేవ చేయటానికి చదువెందుకు? మంచి మనసుంటే చాలదా?” అనేది మొదటిది. “సేవ చేస్తే జీతం ఎవరిస్తారు? అది ఫాదర్లు, సిస్టర్లు చేసే పని గదా!” అనేది రెండవది.

ఈ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. పిల్లల బతుకుతెరువు గురించి తల్లిదండ్రులు ఆలోచించటంలో తప్పు లేదు. కనుక ఈ వారం ఈ రెండింటికీ సమాధానం వెదుకుదాం. మన పాఠానికి హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొందాం. దానధర్మాలకూ, నేర్చి చేసే సేవకూ ఉన్న తేడా అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

సంఘసేవ వేరు, సోషల్ వర్క్ వేరు

మంచి సమరీయుని ఉపమానం మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. దారిలో పడి ఉన్న మనిషిని చూచి జాలిపడి, గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకొని సత్రానికి చేర్చాడు. కథలో మనం సాధారణంగా గమనించని వ్యక్తి ఒకడున్నాడు. అతడు సత్రపు యజమాని. మరునాడు సమరీయుడు అతని చేతిలో రెండు దీనారములు పెట్టి, ఇతనిని చూచుకొనుము, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని చెప్పి తన దారిన వెళ్ళాడు. ఆ తరువాత రోజులలో కట్లు మార్చింది, గంజి పోసింది, రాత్రిళ్ళు లేచి చూచింది ఎవరు? సత్రపు యజమానే అయి ఉండాలి. అతడు డబ్బు పుచ్చుకొన్నాడు. అందువల్ల అతని పని విలువ తగ్గలేదు.

మనం తీరిక వేళ, మనసు కరిగినప్పుడు చేసేది సంఘసేవ. అది ఎంతో అవసరం. దానినే చదువుగా నేర్చుకొని, ప్రతి దినం బాధ్యతగా, లెక్క చెప్పవలసిన పనిగా చేసేది సోషల్ వర్క్. మొదటిది సమరీయుని పని, రెండవది సత్రపు యజమాని పని. లోకానికి ఇద్దరూ కావాలి.

కొండ మీద, కొండ వాలున

మద్రాసు నుండి తెలుగు సినిమా హైదరాబాదుకు తరలి రావటం ఒక్క రోజులో జరిగింది కాదు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించారు. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. రాళ్ళగుట్టల మీద బంగళాలు లేచాయి. ఆ స్టూడియోలలో పనిచేసే లైట్‌మన్‌లు, సెట్ వడ్రంగులు, రంగులు వేసేవారు, కుట్టుపనివారు, డ్రైవర్లు, వంటవారు, జూనియర్ ఆర్టిస్టులు కృష్ణానగర్‌లోనూ, ఫిలింనగర్ వాలులోని బస్తీలలోనూ అద్దె గదులు వెదుక్కొన్నారు. పరిశ్రమలో వారిని 24 క్రాఫ్ట్స్ అంటారు. షూటింగు ఉంటే కూలి, లేకపోతే లేదు. కొండ మీద బంగళాలలో ఇంటిపని చేసే స్త్రీలు చాలామంది ఇలాంటి ఇళ్ళ నుండే వస్తారు.

ఈ ప్రాంతంలో దయగల పనులు జరగలేదని ఎవరూ అనలేరు. వైద్యుడు, నటుడు అయిన డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డిగారు సినీ కార్మికుల ఇళ్ళ కోసం తన భూమి ఇచ్చారు. మణికొండలోని చిత్రపురి కాలనీ ఆయన పేరు మీదనే ఉంది. 1998 అక్టోబరు 2న చిరంజీవిగారు జూబ్లీహిల్స్‌లో రక్తనిధి, నేత్రనిధి ప్రారంభించారు. 2020లో కరోనా వచ్చి షూటింగులు నిలిచిపోయినప్పుడు, సినీ ప్రముఖులు చందాలు వేసుకొని కరోనా క్రైసిస్ చారిటీ పేరిట కార్మికుల ఇళ్ళకు నిత్యావసర వస్తువులు పంపారు.

ఇవన్నీ మెచ్చదగినవే. అయితే వీటి వెనుక జరిగే పనిని ఒకసారి ఆలోచించండి. రక్తనిధికి భవనం ఒక్కటే ఉంటే సరిపోదు. మొదటిసారి రక్తం ఇవ్వటానికి వచ్చి భయపడే కుర్రవానికి ధైర్యం చెప్పాలి. పరీక్షలో ఏదైనా వ్యాధి బయటపడితే ఆ మాట అతనికి ఒంటరిగా, మర్యాదగా తెలియజేసి వైద్యానికి పంపాలి. కళ్ళు దానం చేయమని అడగాలంటే, అప్పుడే ప్రాణం పోయిన మనిషి పక్కన ఏడుస్తున్న కుటుంబం దగ్గరకు వెళ్ళి మాట్లాడాలి. బియ్యం పంచాలంటే ఎవరికి అందాయో, ఎవరికి అందలేదో జాబితా ఉండాలి. సంఘం కార్డు ఉన్నవారి పేరు జాబితాలో సులభంగా దొరుకుతుంది. కార్డు లేని మనిషి పేరు ఎవరు రాస్తారు? బస్తీలో గడపగడపకూ తిరిగినవారే రాయగలరు.

సినిమాలలో హీరో ఒక్క పాటలో పేదల బతుకులు మార్చేస్తాడు. ఆ బొమ్మ మన పిల్లల మనసులలో పడిపోయింది. నిజమైన సోషల్ వర్కర్ పని తెర వెనుక లైటు పట్టుకొని నిలబడిన మనిషి పనికి దగ్గరగా ఉంటుంది. అతడు సరిగా పట్టుకొంటేనే అవతలి మనిషి ముఖం కనబడుతుంది. అతడు మాత్రం తెర మీద కనబడడు.

ఒక ఉదాహరణ

ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. భర్త లైట్‌మన్. ఎత్తైన పరంజా మీద లైటు బిగిస్తూ జారిపడి కాలు విరిగింది. భార్య రెండు ఇళ్ళలో పనిచేస్తుంది. పదవ తరగతి చదివే పెద్దమ్మాయి తండ్రిని చూచుకోవటానికి బడి మానేసింది. ఆ ఇల్లాలు కన్నీళ్ళతో మన విచారణకు వచ్చింది.

మంచి మనసున్న మనం ఏం చేస్తాం? చందా వేసి అయిదు వేల రూపాయలు, ఒక బస్తా బియ్యం ఇస్తాం. అది ఆ వారానికి ప్రాణం పోసినట్టే. కానీ మరుసటి నెల ఆమె మళ్ళీ వస్తుంది. మూడవ నెల వచ్చేసరికి మనకు విసుగు, ఆమెకు సిగ్గు.

శిక్షణ పొందిన సోషల్ వర్కర్ ఏం చేస్తారో చూడండి. మొదట ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటారు. ఎక్కువ వింటారు, తక్కువ మాట్లాడతారు. అప్పుడు కొన్ని సంగతులు బయటికి వస్తాయి. పనిలో జరిగిన ప్రమాదానికి చట్టప్రకారం నష్టపరిహారం అడగవచ్చునని వారికి తెలియదు. ఆసుపత్రి కాగితాలు వడ్డీ వ్యాపారి దగ్గర ఉన్నాయి. ఆరోగ్యశ్రీ వివరం ఎవరూ చెప్పలేదు. భర్తకు నొప్పి కంటే ‘ఇక నేను పనికిరాను’ అనే దిగులు ఎక్కువగా ఉంది, రాత్రిళ్ళు తాగుతున్నాడు. అమ్మాయి బడి మాని ఇరవై రోజులయింది. ఇంకా కొన్నాళ్ళయితే పరీక్షకు కూర్చోలేదు.

రెండవ మెట్టు, ఏది ముందో ఏది తరువాతో తేల్చటం. ఆ నిర్ణయం ఆ కుటుంబానిదే. “ముందు మీకేం కావాలమ్మా?” అని అడిగితే, ఆ ఇల్లాలు డబ్బు అడగకపోవచ్చు. “నా బిడ్డ బడికి పోవాలి” అనవచ్చు. మూడవ మెట్టు, పథకం వేయటం. పగటిపూట ఆయనను చూచుకోవటానికి పక్కింటివారితో ఏర్పాటు, బడి ప్రధానోపాధ్యాయురాలితో మాట, ఆసుపత్రి కాగితాల నకళ్ళు, గడువు దాటకుండా కార్మిక శాఖలో దరఖాస్తు, వైకల్యం మిగిలితే సదరం ధ్రువపత్రం, దిగులుకు వైద్యుని సలహా. నాలుగవ మెట్టు, ఆచరణ. సోషల్ వర్కర్ కార్యాలయానికి ఆమె బదులు వెళ్ళరు. మొదటిసారి ఆమెతో కలిసి వెళతారు. రెండవసారి ఆమె ఒక్కతే వెళ్ళగలుగుతుంది. చివరి మెట్టు, సమీక్ష. ఏది జరిగింది, ఏది జరగలేదు, ఎందుకు జరగలేదు అని రాసిపెట్టుకోవటం. ఆ కుటుంబం తన కాళ్ళ మీద నిలబడినప్పుడు ఆ ఫైలు మూసివేయటం.

మొదటి ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరికింది. మంచి మనసు మనలను ఆ గడప వరకు తీసుకొనిపోతుంది. గడప దాటిన తరువాత ఏం చేయాలో చదువు, అనుభవం నేర్పుతాయి.

దుర్గాబాయమ్మ జీవితం

మన తెలుగునాట ఈ సంగతిని ముందుగా గ్రహించినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు ఒకరు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శనకు స్వచ్ఛంద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను సైతం ఆపివేసిన బాలిక ఆమే. ఉప్పు సత్యాగ్రహం కాలంలో జైలుకు వెళ్ళినప్పుడు తోటి ఖైదీలైన స్త్రీలను చూచారు. తమ తరఫున వాదించేవారు లేక, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న నిరుపేదలు వారు. వారిని చూచి ఆమె జాలిపడటంతో ఆగలేదు. విడుదలయ్యాక మెట్రిక్యులేషన్ నుండి మొదలుపెట్టి బి.ఏ., ఆ తరువాత న్యాయశాస్త్రం చదివారు.

1937లో మద్రాసులో ఆమె నాటిన ఆంధ్ర మహిళా సభ తరువాత హైదరాబాదులోనూ కళాశాలలు, ఆసుపత్రులుగా విస్తరించింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. భారతదేశంలో సోషల్ వర్క్‌కు సంబంధించిన విజ్ఞాన సర్వస్వం 1968లో వెలువడటంలోనూ ఆమెది ప్రధాన పాత్ర. కరుణ ఆమెను చదువుకు పంపింది. చదువు ఆమె కరుణను సంస్థలుగా మార్చింది. ఈ వరుసను మన యువత గుర్తుంచుకోవాలి.

ఎలా మొదలుపెట్టాలి?

1. ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. ఆరు నెలలపాటు, వారానికి ఒక రోజు, ఒకే బస్తీకి లేదా ఒకే ఆశ్రమానికి వెళ్ళండి. మీ విచారణలో పునీత విన్సెంట్ దె పాల్ సభ ఉంటే, పెద్దలతో కలిసి ఇళ్ళ సందర్శనకు వెళ్ళండి. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజానామ్ తన మిత్రులతో ఆ సభను ప్రారంభించినప్పుడు ఆయన ఇరవై ఏళ్ళ విద్యార్థి. పేదల ఇంటికి వెళ్ళి కూర్చోవటమే వారు ఎంచుకొన్న పని. మూడవ నెలలో ఉత్సాహం తగ్గుతుంది. తగ్గిన తరువాత కూడా వెళ్ళగలిగితే ఈ వృత్తి మీకు తగినదే.

2. చదువు. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకొన్నా ఫరవాలేదు. డిగ్రీలో బి.ఎస్.డబ్ల్యు. దొరికితే మంచిదే. సాంఘిక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం చదివినా ఉపయోగమే. అసలైన అర్హత రెండు సంవత్సరాల ఎం.ఎస్.డబ్ల్యు. దీనికి ఏ డిగ్రీ ఉన్నవారైనా సాధారణంగా అర్హులే. తెలంగాణలో విశ్వవిద్యాలయాల పి.జి. ఉమ్మడి ప్రవేశపరీక్ష ద్వారా సీట్లు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి పరీక్షే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ చదువుకు పేరున్నవి. ఫిలింనగర్‌కు దూరం కాని గచ్చిబౌలిలో రోడా మిస్త్రీ సోషల్ వర్క్ కళాశాల ఉంది. 1936లో బొంబాయిలో పుట్టిన టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఈ దేశంలో సోషల్ వర్క్ చదువుకు తొలి బడి. దానికి హైదరాబాదులోనూ ప్రాంగణం ఉంది.

3. ఫీల్డ్ వర్క్‌ను తేలికగా తీసుకోవద్దు. ఎం.ఎస్.డబ్ల్యు.లో సాధారణంగా వారానికి రెండు రోజులు ఆసుపత్రికో, బస్తీకో, బాలల గృహానికో పంపుతారు. చూచినది, విన్నది, చేసినది రాసి అధ్యాపకులకు చూపించాలి. కొందరు విద్యార్థులు ఇంట్లో కూర్చొని నివేదిక రాసేస్తారు. వారికి పట్టా వస్తుంది, పని రాదు. ఉద్యోగానికి పిలిచినవారు మొదట అడిగేది మీ మార్కుల కంటే “ఫీల్డ్ వర్క్ ఎక్కడ చేశారు, ఏం నేర్చుకొన్నారు?” అనే.

4. భాషలు నేర్చుకోండి. హైదరాబాదు బస్తీలో తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ రావాలి. దరఖాస్తు స్పష్టంగా రాయటం, పట్టిక తయారుచేయటం, కంప్యూటర్‌లో లెక్కలు వేయటం రావాలి. ఇవి చిన్న విషయాలు కావు. ఒక మంచి దరఖాస్తు ఒక కుటుంబానికి సంవత్సరం పాటు అన్నం పెట్టగలదు.

5. ఏడు సూత్రాలు మనసులో నిలుపుకోండి. చికాగో లయోలా విశ్వవిద్యాలయంలో బోధించిన యేసుసభ గురువు ఫాదర్ ఫెలిక్స్ బైస్టెక్ 1957లో రాసిన పుస్తకంలోని ఏడు సూత్రాలను ఈనాటికీ సోషల్ వర్క్ తరగతులలో నేర్పుతారు. ప్రతి మనిషినీ ప్రత్యేక వ్యక్తిగా చూడటం, అతడు తన బాధను చెప్పుకోనివ్వటం, మన భావాలను అదుపులో ఉంచుకొంటూ స్పందించటం, అతనిని ఉన్నవానిని ఉన్నట్టు అంగీకరించటం, తీర్పు తీర్చకుండటం, నిర్ణయం అతనికే వదలటం, అతని రహస్యాన్ని కాపాడటం. చివరిదాన్ని గట్టిగా పట్టుకోండి. సహాయం పుచ్చుకొనే మనిషి ఫొటో తీసి నలుగురికీ పంపటం ఈ రోజుల్లో అలవాటయింది. పుచ్చుకొన్న మనిషికి కూడా బంధువులు ఉంటారు, పెళ్ళికెదిగిన బిడ్డలు ఉంటారు.

జీతం ఎవరిస్తారు?

ఇది తల్లిదండ్రుల రెండవ ప్రశ్న. సమాధానం సూటిగా చెప్పుకొందాం. ఈ వృత్తిలో తొలి జీతం తక్కువ. చాలా ఉద్యోగాలు ఒప్పందం మీద ఇచ్చేవి. ఇది దాచవలసిన సంగతి కాదు. అయితే అవకాశాలు మనం అనుకొన్నంత తక్కువగానూ లేవు.

ఆసుపత్రులు: రోగికీ వైద్యునికీ మధ్య వారధిగా మెడికల్ సోషల్ వర్కర్ పనిచేస్తారు. అవయవ మార్పిడి చేసే ఆసుపత్రిలో సమన్వయకర్త తప్పనిసరిగా ఉండాలని 2011లో చట్టాన్ని సవరించారు. ఈ పనికి ఎం.ఎస్.డబ్ల్యు. చదివినవారు తగినవారు. మానసిక వైద్యంలో సోషల్ వర్కర్‌కు 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రత్యేక అర్హతలు నిర్దేశించింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది.

బాలల రక్షణ: 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద జిల్లా బాలల రక్షణ విభాగాలు, గృహాలు ఉన్నాయి. బాలల సహాయం కోసం 1098 నంబరు 1996లో టాటా సంస్థ ప్రాజెక్టుగా మొదలై దేశమంతా వ్యాపించింది. ఫిలింనగర్‌కు ప్రత్యేకంగా వర్తించే నియమాలు కూడా ఉన్నాయి. 2017 నాటి నిబంధనల ప్రకారం బాలనటులు రోజుకు అయిదు గంటలకు మించి పనిచేయరాదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటరాదు. వారి సంపాదనలో కనీసం 20 శాతం వారి పేరు మీదనే బ్యాంకులో వేయాలి. ప్రతి అయిదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. పిల్లల మనసు, చట్టం రెండూ తెలిసినవారు ఆ చోట ఉండటం ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

స్త్రీల రక్షణ: సఖి కేంద్రాలు, 2016లో హైదరాబాదు పోలీసులు ప్రారంభించిన భరోసా కేంద్రం వంటి చోట్ల కౌన్సిలర్లు కావాలి. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేక అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. అందులో బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి. 2018లో ఫిలిం ఛాంబర్ ఎదుట జరిగిన నిరసన తరువాత, 2019లో తెలంగాణ ప్రభుత్వం చిత్రపరిశ్రమలో ఈ సమస్యపై ఉన్నతస్థాయి కమిటీ నియమించింది. అనుభవం గల సోషల్ వర్కర్లు ఇలాంటి కమిటీలలో చేయగలిగిన మేలు చాలా ఉంది.

కార్మిక సంక్షేమం: పెద్ద కర్మాగారాలలో సంక్షేమాధికారి ఉండాలని 1948 చట్టమే చెప్పింది. సినీ కార్మికుల కోసం 1981లో పార్లమెంటు ప్రత్యేక చట్టాలు చేసింది. 2020లో ఆమోదించిన కొత్త కార్మిక కోడ్‌లలో వాటిని కలిపివేశారు. చట్టం మారిన ప్రతిసారీ, దానిని కార్మికునికి అర్థమయ్యే మాటలలో చెప్పే మనిషి కావాలి.

బస్తీల అభివృద్ధి: ఈ విషయంలో హైదరాబాదు దేశానికే దారి చూపింది. 1967లో ఇక్కడ నగరపాలక సంస్థలో పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలయింది. బస్తీవారినే కూర్చోబెట్టి ‘మీకు ముందు ఏం కావాలి?’ అని అడిగి, బాలవాడీలు, కుట్టు శిక్షణ, ఇళ్ళు వారి భాగస్వామ్యంతో చేపట్టిన పథకమది. ఈనాటి మహిళా పొదుపు సంఘాల పనికి కూడా ఆ అనుభవం పునాది వేసింది.

కంపెనీలు, సంస్థలు: 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. ఆ డబ్బు సరైన చోటికి చేరటానికి చదువుకొన్నవారు కావాలి. ఇక 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా, మన మేత్రాసనాల సాంఘిక సేవా సంస్థలు ఉన్నాయి. ఇది ఫాదర్లు, సిస్టర్ల పని మాత్రమే అనుకోవద్దు. ఈ సంస్థలలో గృహస్థులు కూడా జీతం మీద పనిచేస్తున్నారు.

ఎలా ఎదగాలి?

మొదటి ఉద్యోగం ఎంచుకొనేటప్పుడు జీతం కంటే, మీ పనిని దిద్దే పెద్దదిక్కు ఉన్నారా లేదా అన్నది చూడండి. మొదటి రెండు మూడు సంవత్సరాలు మంచి అధికారి కింద పనిచేసినవారు జీవితమంతా నిలబడతారు. ఒకే రంగంలో అయిదేళ్ళు ఉండండి. పిల్లలతోనో, మానసిక రోగులతోనో, బస్తీలతోనో పనిచేస్తూ పట్టు సంపాదించండి. ఆ పైన కార్యక్రమ నిర్వహణ, శిక్షణ, పరిశోధన, బోధన అనే దారులు తెరుచుకొంటాయి.

మీ ఆరోగ్యాన్ని చూచుకోండి. ప్రతి దినం ఇతరుల దుఃఖం వినే మనిషి మనసు కూడా అలసిపోతుంది. సెలవు తీసుకోవటం, తోటివారితో పంచుకోవటం, ప్రార్థనలో గడపటం ఈ పనిలో భాగమే.

స్వంత సంస్థ పెట్టాలనే కోరిక కొందరికి మొదటి నెలలోనే కలుగుతుంది. బోర్డు రాయించటం సులభం. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయటానికి ఏడుగురు సభ్యులు చాలు. కానీ ఆ తరువాత ప్రతి సంవత్సరం లెక్కలు, ఆడిట్, ఆదాయపు పన్ను నియమాలు, విదేశీ విరాళాలు తీసుకొంటే 2010 చట్టం నిబంధనలు, వీటన్నింటికీ మించి ఉద్యోగుల జీతాల బాధ్యత ఉంటుంది. ముందు పదేళ్ళు ఒకరి దగ్గర నేర్చుకోండి. అవసరం నిజంగా ఉందని తేలినప్పుడు సంస్థ దానంతట అదే పుడుతుంది.

దీనికి రెండు సాక్ష్యాలు చూడండి. రాజనీతిశాస్త్రం బోధించిన ప్రొఫెసర్ శాంతా సిన్హాగారు తన తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా, 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో బాలకార్మికులను బడికి చేర్చే పని చేపట్టారు. గ్రామ యువకులనే కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం లభించింది. రెండవది, 1996లో హైదరాబాదులో మెహబూబ్ కీ మెహందీ నుండి వ్యభిచార కూపంలోని స్త్రీలను ఖాళీ చేయించినప్పుడు, వారి పిల్లల కోసం చిన్న బడితో మొదలయిన ప్రజ్వల. మంగళూరు రోష్నీ నిలయలో ఎం.ఎస్.డబ్ల్యు. చదివిన సునీతా కృష్ణన్‌గారు, మఠవాసి బ్రదర్ జోస్ వెట్టికాటిల్‌గారు కలిసి దానిని స్థాపించారు. తరువాత సునీతగారు సినిమాను కూడా సాధనంగా వాడుకొన్నారు. ఆమె నిర్మాతలలో ఒకరుగా మనుష్యుల అక్రమ రవాణాపై వచ్చిన ‘నా బంగారు తల్లి’ చిత్రం 2013 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. చూశారా! ఒకరిది అధ్యాపక వృత్తి, ఒకరిది సోషల్ వర్క్ చదువు, ఒకరిది మఠ జీవితం. దారులు వేరైనా, ముగ్గురూ మొదట ఒక చోట నిలబడి, ఒక సమస్యను క్షుణ్ణంగా నేర్చుకొన్నారు.

తల్లిదండ్రులకు ఒక మాట

మీ బిడ్డ ఈ చదువు అడిగితే వెంటనే కాదనకండి, వెంటనే సరేననకండి. ముందు ఆరు నెలలు ఏదైనా ఒక చోట పనిచేయమనండి. తక్కువ జీతంతో మొదటి కొన్నేళ్ళు ఎలా గడుపుతారో కలిసి లెక్క వేయండి. ఇంటి అప్పులు, చెల్లెళ్ళ చదువు ఆ బిడ్డ జీతం మీదనే ఆధారపడి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పండి. ముందు స్థిరమైన ఉద్యోగంలో చేరి, ఆ తరువాత దూరవిద్య ద్వారా ఎం.ఎస్.డబ్ల్యు. చదివే మార్గం కూడా ఉంది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ అవకాశం కల్పిస్తోంది.

విచారణ పెద్దలకు కూడా ఒక మనవి. చందాలు పోగుచేసి ఇచ్చేటప్పుడు, అందులో కొంత భాగం విచారణలోని ఒక యువతికో యువకునికో ఈ చదువు చెప్పించటానికి కేటాయించలేమా? సమరీయుడు ఇచ్చిన రెండు దీనారములు వృథా కాలేదు. వాటిని నమ్మకంగా అప్పగించటానికి ఆ సత్రంలో ఒక మనిషి ఉన్నాడు. అలాంటి మనుషులను తయారుచేయటం కూడా దానమే.

కుటుంబంలో చర్చించుకోవటానికి

1. గత సంవత్సరం మన కుటుంబం ఎవరికి సహాయం చేసింది? ఆ తరువాత వారి పరిస్థితి ఏమయిందో మనకు తెలుసా?

2. సహాయం కోసం వచ్చిన మనిషిని “మీకు ముందు ఏం కావాలి?” అని మనం అడిగామా? లేక మనమే నిర్ణయించామా?

3. మన ఇంట్లో పనిచేసేవారి పిల్లలు ఏ తరగతి చదువుతున్నారు? వారికి ఆరోగ్యశ్రీ, ఇతర పథకాల సంగతి ఎవరైనా చెప్పారా?

4. మన బిడ్డలలో ఎవరికైనా ఈ పని పట్ల నిజమైన ఆసక్తి ఉందా? ఉంటే, వచ్చే ఆరు నెలలు ఆ బిడ్డ వారానికి ఒక రోజు ఎక్కడికి వెళ్ళాలో ఈ రోజే కూర్చొని నిర్ణయించండి.